పనుల కాలప్రణాళికలో వెసులుబాటు, రక్షణ వ్యవధి: బొగ్గు గనుల నేపథ్యంలో ఒక వివరణ

బెల్లంపల్లి: గనుల విస్తరణ, విద్యుత్ కేంద్రాల మరమ్మతులు, రైల్వే సైడింగుల నిర్మాణం వంటి పనులపై సమీక్షా సమావేశాలు జరిగిన ప్రతిసారీ అధికారుల నివేదికలలో స్లాక్, ఫ్లోట్, బఫర్ అనే మాటలు వినవస్తుంటాయి. వీటిలో మొదటి రెండూ ఒకే అర్థం గలవి. మూడవది వేరు. అయితే వార్తలలో ఈ మూడింటికీ "అదనపు గడువు" అనో "జాప్యం" అనో ఒకే మాట వాడబడుతుండడం, శాఖల మధ్య జరిగే ఉత్తరప్రత్యుత్తరాలలో సైతం ఇవి కలగాపులగమవుతుండడం కద్దు. "పైపులైను పనికి పది రోజుల స్లాక్ ఉన్నది" అన్న వాక్యానికి ఆ పని పది రోజులు ఆలస్యమైనదని అర్థం కాదు. ఆ పని చేయవలసినవారు పది రోజులు ఊరకే కూర్చొనవచ్చునని కూడా అర్థం కాదు. ఆ పది రోజులు ఎక్కడి నుంచి వచ్చినవి, అవి ఎవరివి, ఖర్చయిపోతే ఏమగును అన్న విషయాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

ప్రస్తుత మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి పరిసరాలలో బొగ్గు తవ్వకం 1920వ దశకం చివరి భాగంలో ప్రారంభమైనది. సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియా కార్యాలయం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా గోలేటిలో ఉన్నది. సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నందున ఇక్కడి పనుల ప్రగతి రెండు స్థాయిలలోనూ సమీక్షకు వస్తుంది. ఇతర నిర్మాణ పనులకూ గని పనులకూ ఒక ముఖ్యమైన భేదం కలదు. భవన నిర్మాణం నెల రోజులు ఆలస్యమైతే వ్యయం పెరుగుతుంది. గనిలో కొన్ని పనులు ఆలస్యమైతే వాన వచ్చి క్వారీ నిండుతుంది, లేదా భూమి లోపల బొగ్గు తనంతట తాను వేడెక్కడం మొదలవుతుంది. కనుక ఇక్కడ రోజుల లెక్క కేవలం లెక్కల విభాగానికి సంబంధించిన విషయం కాదు.

లెక్క వెనుక కథ

పనులను ఒకదాని తరువాత ఒకటిగా గొలుసుకట్టి, ఆ గొలుసులలో అన్నిటికంటె పొడవైనదానిని గుర్తించే పద్ధతి 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన సంస్థ, రెమింగ్టన్ రాండ్ కంప్యూటర్ సంస్థల నిపుణుల కృషితో రూపుదిద్దుకొన్నది. దీనికే క్రిటికల్ పాత్ పద్ధతి అని పేరు. తెలుగులో కీలక మార్గం అనవచ్చును. మరుసటి సంవత్సరం, అనగా 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి నిర్మాణ కార్యక్రమానికి పెర్ట్ అనే మరో పద్ధతిని రూపొందించుకొన్నది. మొదటిది ప్రతి పనికీ ఒకే వ్యవధిని తీసుకొంటుంది. రెండవది పని త్వరగా అయితే ఎన్ని రోజులు, మామూలుగా అయితే ఎన్ని, ఇబ్బందులు వస్తే ఎన్ని అని మూడు అంచనాలు అడుగుతుంది. నేడు వాడుకలో ఉన్న కంప్యూటర్ ప్రోగ్రాములన్నింటికీ మూలం ఈ రెండే. ప్రోగ్రాము ఎంత ఖరీదైనదైనా లోపల జరిగేది కూడిక, తీసివేత మాత్రమే. ఆ లెక్కను కాగితం మీద చేసి చూసినవారికి సమీక్షా నివేదికలు చదవడం సులువవుతుంది.

వర్షాకాల సన్నద్ధత: ఒక ఊహాత్మక ఉదాహరణ

ఉపరితల గనులలో ఏటా తప్పనిసరిగా జరిగే పని వర్షాకాల సన్నద్ధత. మృగశిర కార్తె ప్రవేశించేనాటికి, అనగా జూన్ మొదటి వారం ముగిసేలోగా, క్వారీ అడుగున నీరు చేరే సంపు సిద్ధంగా ఉండవలెను, దానిపై తేలే పాంటూన్ మీద పంపులు అమర్చబడవలెను, నీటిని పైకి చేర్చే పైపులైను, పంపులకు విద్యుత్ లైను పూర్తి కావలెను. ఇందుకు సంబంధించి ఒక గనిలో కింది విధంగా అంచనాలు వేసినట్లు భావిద్దాం. ఇవి వివరణ కొరకు తీసుకొన్న అంకెలే గాని ఏ గనికీ సంబంధించినవి కావు.

సర్వే జరిపి స్థలం నిర్ణయించడానికి 6 రోజులు. ఆ తరువాత నాలుగు వైపులా పనులు ఒకేసారి మొదలవుతాయి. సంపు తవ్వకానికి 30 రోజులు. పంపులను వర్క్‌షాపుకు తరలించి మరమ్మతు చేసి తేవడానికి 22 రోజులు. విద్యుత్ లైను మార్చడానికి 18 రోజులు. స్టోర్స్ నుంచి పైపులు రప్పించడానికి 10 రోజులు, వచ్చిన పైపులను పరచడానికి మరో 15 రోజులు. సంపు, పంపులు రెండూ సిద్ధమైన పిమ్మట పాంటూన్ అమరికకు 5 రోజులు. అన్నీ పూర్తయిన తరువాత కలుపుకొని నడిపి చూడడానికి 4 రోజులు.

సర్వే, సంపు, పాంటూన్, పరీక్ష అనే వరుసను కూడితే 6, 30, 5, 4 కలిసి 45 రోజులు వస్తాయి. ఇంతకంటె పొడవైన వరుస మరొకటి లేదు. ఇదే కీలక మార్గం. సంపు తవ్వకం ఒక రోజు జరిగితే మొత్తం పని ఒక రోజు జరుగుతుంది.

ఇప్పుడు పంపుల మరమ్మతు సంగతి చూద్దాం. అది 6వ రోజున మొదలై 28వ రోజుకు పూర్తవుతుంది. కాని సంపు 36వ రోజుకు గాని సిద్ధం కాదు. కాబట్టి మరమ్మతు 8 రోజులు ఆలస్యమైనప్పటికీ తుది గడువుకు నష్టం లేదు. ఈ 8 రోజులనే స్లాక్ లేదా ఫ్లోట్ అంటారు. ఈ వ్యాసంలో దీనికి వెసులుబాటు అనే మాట వాడడమైనది. విద్యుత్ లైను 24వ రోజుకు పూర్తవుతుంది, దాని అవసరం 41వ రోజున వస్తుంది. దాని వెసులుబాటు 17 రోజులు. సంపు తవ్వకానికి వెసులుబాటు సున్న.

గమనించవలసిన అంశం ఏమనగా, ఈ 8 రోజులు గాని, 17 రోజులు గాని ఎవరూ మంజూరు చేసినవి కావు. పక్క వరుస పొడవుగా ఉండడం వల్ల మిగిలినవి మాత్రమే. సంపు తవ్వకానికి అదనపు యంత్రాలు తెచ్చి 30 రోజుల పనిని 24 రోజులకు తగ్గించినట్లయితే పంపుల మరమ్మతు వెసులుబాటు 8 నుంచి 2కు పడిపోతుంది. వర్క్‌షాపులో ఎవరూ ఏ పొరపాటూ చేయలేదు, వారి పని వేగమూ తగ్గలేదు. అయినా నిన్నటివరకు తీరికగా ఉన్న పని నేడు తొందర పనిగా మారింది. ఒక చోట పని వేగవంతమైనదని ప్రకటించే ముందు మిగతా వరుసల లెక్క తిరిగి వేయించడం అవసరం.

ఒకే పది రోజులు, రెండు కాగితాల మీద

పైపుల వరుస ఇంకా ఆసక్తికరమైనది. పైపులు రప్పించడం 16వ రోజుకు, పరచడం 31వ రోజుకు పూర్తవుతాయి. అవసరమయ్యేది 41వ రోజున. కంప్యూటర్ నుంచి వచ్చిన పట్టికలో స్టోర్స్ పని ఎదురుగా 10 రోజుల వెసులుబాటు అని, పైపులు పరిచే పని ఎదురుగా కూడా 10 రోజుల వెసులుబాటు అని ముద్రితమై ఉంటుంది. రెండు విభాగాల వారూ తమ తమ కాగితం చూసుకొని పది రోజుల తీరిక ఉన్నదని భావించడం సహజం. నిజానికి ఆ పది రోజులు ఒకటే. స్టోర్స్ విభాగం ఏడు రోజులు వాడుకొంటే పైపులు పరిచేవారికి మిగిలేది మూడు. రెండు విభాగాలూ చెరి పది వాడుకొంటే మొత్తం పని పది రోజులు వెనుకబడుతుంది, ఎవరినడిగినా తమకు అనుమతించిన వ్యవధిలోనే పని పూర్తి చేశామని సమాధానం వస్తుంది.

ఇందుకోసమే నిపుణులు వెసులుబాటును రెండు రకాలుగా లెక్కిస్తారు. వరుసలోని పనులన్నీ పంచుకొనేది ఉమ్మడి వెసులుబాటు. తరువాతి పనిని ఏ మాత్రం కదిలించకుండా ఒక పని తానుగా వాడుకోగలిగేది సొంత వెసులుబాటు. పై ఉదాహరణలో పైపులు రప్పించే పనికి ఉమ్మడి వెసులుబాటు 10 రోజులు, సొంత వెసులుబాటు సున్న. ఈ రెండవ అంకె తరచుగా నివేదికలలో కనిపించదు. అడిగితే లభిస్తుంది.

ఇంకొక చిక్కు కలదు. పైపులు పరచడానికి, పాంటూన్ అమర్చడానికి గనిలో ఉన్నది ఒకటే క్రేన్ అనుకొందాం. పాంటూన్ అమరిక 36వ రోజున మొదలవుతుంది, అది కీలక మార్గంలో ఉన్నది, క్రేన్ దానికి ఇవ్వక తప్పదు. అంటే పైపుల పని 41వ రోజు వరకు కాక 36వ రోజుకే ముగియవలెను. కాగితం మీది పది రోజుల వెసులుబాటు నిజంలో ఐదు రోజులే. పనుల క్రమాన్ని మాత్రమే చూసి యంత్రాలను, మనుషులను చూడని పట్టికలు ఈ విధంగా లేని తీరికను చూపుతాయి. మన ప్రాంతంలో మే నెల రోహిణి కార్తె ఎండలకు మధ్యాహ్నం షిఫ్టులో పని సహజంగానే మందగిస్తుంది. దానిని కూడా లెక్కలోకి తీసుకొన్న పట్టిక అయితే మరింత నమ్మదగినది.

బఫర్ అనగా రక్షణ వ్యవధి

వెసులుబాటు మిగిలేది. బఫర్ కావాలని ఉంచేది. రెంటికీ గల ప్రధాన భేదం ఇదే. పై పని 45 రోజులలో పూర్తి కావలెనంటే, జూన్ 5 నాటికి ముగించడానికి ఏప్రిల్ 21న మొదలుపెడితే సరిపోతుంది. కాని కీలక మార్గంలోని ఏ పనికీ వెసులుబాటు లేనందున, ఒక్క రోజు అవాంతరం వచ్చినా గడువు తప్పుతుంది. అందువల్ల చివర 10 రోజులు రక్షణగా ఉంచి ఏప్రిల్ 11ననే పని ప్రారంభించడం వివేకం. ఈ 10 రోజులు ఏ ఒక్క విభాగానికీ చెందవు. మొత్తం పనికి చెందుతాయి, వాటిని ఖర్చు చేసే అధికారం పనికి బాధ్యుడైన అధికారి వద్దనే ఉంటుంది.

పది రోజులే ఎందుకు అన్న ప్రశ్న రావచ్చును. పెర్ట్ పద్ధతి ఇక్కడ కొంత ఉపకరిస్తుంది. సంపు తవ్వకం అంతా సజావుగా సాగితే 24 రోజులు, మామూలుగా 30, గట్టి రాయి తగిలితే 48 అని అనుభవజ్ఞులు చెప్పారనుకొందాం. మామూలు అంచనాను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 32 రోజులు వస్తుంది. హెచ్చు తగ్గుల తేడాను ఆరుతో భాగిస్తే 4 రోజులు. అంటే 30 రోజుల పని అని వ్రాసుకొన్నది సగటున 32 రోజులు పట్టే అవకాశం ఉన్నది, అటూ ఇటూ నాలుగు రోజుల ఊగిసలాట సాధారణం. ఈ విధమైన లెక్క ఉన్న రక్షణ వ్యవధిని సమర్థించుకోవచ్చును. "ఎందుకైనా మంచిదని పది రోజులు" అని వ్రాసిన వ్యవధిని సమీక్షలో మొదట కత్తిరించేది అందుకే.

రక్షణ వ్యవధిని ప్రతి పనిలోనూ కొంచెం కొంచెం దాచి ఉంచే అలవాటు అన్ని శాఖలలోనూ కలదు. ఆరు రోజుల పనికి తొమ్మిది రోజులు అడగడం, పైవారు రెండు తగ్గిస్తారని తెలిసి ముందే మూడు కలపడం ఎవరికీ కొత్త కాదు. ఇది రక్షణ ఇవ్వదు. ఇచ్చిన కాలమంతా నిండేవరకు పని విస్తరిస్తుందని సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ది ఎకనామిస్ట్ పత్రికలో వ్రాసిన వ్యాసం నాటి నుంచి ఈ విషయం పాలనా రంగంలో అందరికీ తెలిసినదే. తొమ్మిది రోజులు ఇచ్చిన పని ఆరు రోజులకు అరుదుగా ముగుస్తుంది, ముగిసినా ముందుగా అప్పగించేవారు తక్కువ, వచ్చేసారి ఆరే ఇస్తారన్న భయం ఉంటుంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో ప్రచురించిన క్రిటికల్ చైన్ గ్రంథంలో, ఈ దాచిన రోజులన్నింటినీ బయటకు తీసి, కొంత తగ్గించి, వరుస చివర ఒకే చోట ఉంచాలని ప్రతిపాదించారు. పక్క వరుసలు కీలక మార్గాన్ని కలిసే చోట్ల చిన్న రక్షణ వ్యవధులు ఉంచాలన్నది ఆయన సూచనలలో మరొకటి. పై ఉదాహరణలో పంపులు పాంటూన్ వద్దకు చేరే చోటు అటువంటిది.

ఈ పద్ధతిని ఆచరణలో పెట్టాలంటే ఒక షరతు ఉన్నది. తక్కువ రోజుల అంచనా ఇచ్చి, అది దాటినందుకు సంజాయిషీ నోటీసు అందుకొన్న ఉద్యోగి మరుసటి ఏడాది మళ్ళీ రోజులు దాచుకొంటాడు. పట్టిక మార్చినంత సులువుగా ఈ అలవాటు మారదు.

వెసులుబాటుగా పరిగణించరాని కాలం

గనులకు సంబంధించి అత్యంత జాగ్రత్తగా చూడవలసిన విషయం ఇది. కొన్ని పనులు బయటి నుంచి చూసేవారికి విరామంగా కనిపిస్తాయి. నీరు నిలిచిన పాత పనిచోట్ల వైపు గని సాగుతున్నప్పుడు ముందుగా రంధ్రాలు వేసి చూస్తూ నడవవలసి ఉంటుంది. పాత పనిచోట్లకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా సాగరాదని, ముందు వేసే రంధ్రం ఎల్లప్పుడూ పనిచోటు కంటె కనీసం 3 మీటర్లు ముందు ఉండాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు విధించాయి. 2017లో వాటి స్థానంలో వచ్చిన నిబంధనలలోనూ ఈ జాగ్రత్తలు చోటుచేసుకొన్నాయి. రంధ్రం వేస్తున్నంతసేపు బొగ్గు రాదు. ఉత్పత్తి పట్టికలో అది సున్నగా కనిపిస్తుంది. పేలుడు తరువాత పొగ తొలగేవరకు ఆగడం, పైకప్పుకు బోల్టులు బిగించి పరీక్షించడం, వాయు పరీక్షలు జరపడం ఇదే కోవలోనివి.

ఇవి పనులే. వీటికి వ్యవధి ఉన్నది, వీటి తరువాతి పని వీటిపై ఆధారపడి ఉన్నది. పట్టికలో వీటిని వేరే పనులుగా వ్రాయకుండా "ఎడం"గా వదిలిపెట్టినప్పుడు, గడువు ముంచుకొచ్చిన రోజున మొదట కోతపడేది ఆ ఎడమే. 2003 జూన్ 16న గోదావరిఖని 7వ ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరు 16న గోదావరిఖని 8-ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. ఈ ప్రమాదాలకు కాలప్రణాళిక కారణమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. నీరు, పైకప్పు విషయంలో జాగ్రత్తలకు పట్టే కాలాన్ని రోజుల లెక్కలో తీసివేతకు అనువైన అంకెగా చూడరాదని చెప్పడానికి ఈ రెండు తేదీలు చాలును. గని పట్టిక చూసే అధికారి ఈ పనులు విడిగా వ్రాయబడి ఉన్నవా లేదా అన్నది మొదట పరిశీలించవలెను.

ప్రకృతి విధించే గడువు మరొకటి కలదు. భూగర్భ గనిలో పిల్లర్లు తీసిన తరువాత వెనుక మిగిలిన బొగ్గు గాలి తగిలి నెమ్మదిగా వేడెక్కి, కొంతకాలానికి తనంతట తాను అంటుకొనే స్థితికి వస్తుంది. ఈ కాలాన్ని ఇంక్యుబేషన్ కాలం అంటారు. ఇది పొరను బట్టి, గనిని బట్టి మారుతుంది. ఆ కాలం ముగిసేలోగా ప్యానెల్‌లోని పిల్లర్లన్నీ తీసి, గోడలు కట్టి మూసివేయడానికి వీలైనంత పరిమాణంలోనే ప్యానెల్‌ను రూపొందించుకోవాలన్నది నియమం. ఉదాహరణకు ఇంక్యుబేషన్ కాలం 9 నెలలు, వెలికితీతకు 7 నెలలు, యంత్రాలు వెనక్కు తెచ్చి గోడలు కట్టడానికి 1 నెల అనుకొంటే మిగిలేది 1 నెల. పేరుకు ఇది వెసులుబాటే. కాని దీని వెనుక గడువు పొడిగించే అధికారి ఎవరూ లేరు. గడియారం మొదలయ్యేది ప్యానెల్ ప్రారంభోత్సవం నాడు కాదు, మొదటి పిల్లర్ తీయడం ఆరంభించిన నాడు. మధ్యలో యంత్రం చెడి, లేదా సమ్మె జరిగి, నెలన్నర పని ఆగితే ఆ గడియారం ఆగదు. అటువంటప్పుడు బొగ్గు మిగిలి ఉన్నా ప్యానెల్‌ను మూసివేస్తారు. ఇంత బొగ్గును భూమిలో వదిలివేశారని వ్రాసే ముందు ఈ కారణాన్ని విచారించడం సముచితం.

మంచి వార్త వల్ల తరిగే వెసులుబాటు

సింగరేణిలో లాంగ్‌వాల్ పద్ధతి 1983లో మొదలైనది. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ఉత్పత్తి 2014లో ప్రారంభమైనది. ఈ పద్ధతిలో పొడవైన బొగ్గు ముఖాన్ని భారీ యంత్రం అటూ ఇటూ కోస్తూ పోతుంది. ఒక ప్యానెల్ ముగిసేనాటికి తరువాతి ప్యానెల్‌కు ఇరువైపులా దారులు తవ్వి సిద్ధంగా ఉంచవలెను. లేనియెడల కోట్లాది రూపాయల విలువైన యంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ దారుల తవ్వకానికి ఉన్న వెసులుబాటు, నడుస్తున్న ప్యానెల్ ఎన్ని రోజులలో ముగుస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఉత్పత్తి లక్ష్యాన్ని మించినదని అభినందనలు అందుకొన్న నెలలోనే, ఆ ప్యానెల్ ముందుగా ముగియనున్నందున, దారులు తవ్వేవారి వెసులుబాటు కరిగిపోతుంది. ఆ సంగతి ఉత్పత్తి గణాంకాలలో కనిపించదు, కొన్ని నెలల తరువాత ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయినప్పుడు కనిపిస్తుంది. కనుక ప్యానెల్ పురోగతిని, తరువాతి ప్యానెల్ దారుల పురోగతిని ఒకే కాగితం మీద చూపే నివేదికకు విలువ ఎక్కువ.

సంస్థ చేతిలో లేని పనులు

పై వివరణ అంతా సంస్థ తన చేతిలో ఉంచుకోగలిగిన పనులకు వర్తిస్తుంది. అనుమతుల వరుస అటువంటిది కాదు. ఒడిశాలోని నైనీ బొగ్గు బ్లాకు 2015లో సింగరేణికి కేటాయించబడింది. అక్కడ తవ్వకం 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి, అటవీ భూమి అప్పగింత, చెట్ల తొలగింపు అనేవి మరొక రాష్ట్రంలో, వేర్వేరు కార్యాలయాలలో సాగే పనులు. ఇటువంటి వరుసలో యంత్రాల కొనుగోలుకు ఎంత వెసులుబాటు ఉన్నా ప్రయోజనం స్వల్పం, ఎందుకనగా కీలక మార్గం దస్త్రాల మీదుగా పోతున్నది. ఇటువంటి ప్రాజెక్టులలో ప్రారంభ తేదీని ఒకే తేదీగా ప్రకటించడం కంటె, ఏ అనుమతి వచ్చిన తరువాత ఎన్ని నెలలకు అని ప్రకటించడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కాంట్రాక్టు పనులలో వెసులుబాటు ఎవరిది అన్న వివాదం కూడా తరచుగా తలెత్తుతుంది. స్థలం అప్పగించడంలో శాఖ ఐదు రోజులు ఆలస్యం చేసినప్పుడు, ఆ పనికి ఎనిమిది రోజుల వెసులుబాటు ఉంటే, గుత్తేదారుకు గడువు పెంపు ఇవ్వవలెనా? బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో వెలువరించిన మార్గదర్శక పత్రం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా లేనప్పుడు వెసులుబాటు ముందుగా అవసరమైన వారు వాడుకొనేదే గాని ఎవరి సొత్తూ కాదు. అది పూర్తిగా ఖర్చయిన తరువాతి జాప్యానికే పెంపు. మన ఒప్పంద పత్రాలలో ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో స్పష్టపరిస్తే అనేక వ్యాజ్యాలు తప్పుతాయి.

మరొక చిన్న సంగతి. విద్యుత్ కేంద్రాలలో "పన్నెండు రోజుల బొగ్గు ఉన్నది" అన్నప్పుడు అది పైన వివరించిన రక్షణ వ్యవధి కాదు, సరుకు నిల్వ. గని సమీపంలోని కేంద్రాలు నెలను బట్టి 12 నుంచి 17 రోజులకు, దూరంలో ఉన్నవి 20 నుంచి 26 రోజులకు సరిపడే నిల్వ ఉంచుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో ప్రమాణాలు సవరించింది. రెండింటిలోనూ రోజులే కొలమానం కావడం వల్ల వార్తలలో పొరపాటు జరుగుతుంటుంది.

శాతాలతో వచ్చే చిక్కు

ప్రగతి నివేదికలలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది "పనులు 70 శాతం పూర్తి" అన్న వాక్యం. మొదటి ఉదాహరణకే తిరిగి వద్దాం. ఏప్రిల్ 11న పని మొదలైనది. 31వ రోజున, అనగా మే 12న, సమీక్ష జరిగినది. సర్వే పూర్తయినది. పంపులు వర్క్‌షాపు నుంచి వచ్చేసినవి. విద్యుత్ లైను సిద్ధం. పైపులు వచ్చినవి, పరచడమూ ముగిసినది. ఎనిమిది పనులలో ఐదు పూర్తి. సంపు తవ్వకంలో మాత్రం గట్టి రాయి తగిలి 30 రోజుల పనిలో 10 రోజుల పని మాత్రమే జరిగినది. అన్ని పనుల రోజులూ కూడితే 110. పూర్తయినవి 81. అంటే దాదాపు 74 శాతం. ఈ అంకె అబద్ధం కాదు.

కాని కీలక మార్గంలోని 45 రోజులలో జరిగినది 16 రోజుల పని, అంటే 36 శాతం. ఈపాటికి 31 రోజుల పని జరిగి ఉండవలసినది. వెనుకబాటు 15 రోజులు, చివర ఉంచిన రక్షణ వ్యవధి 10 రోజులు. ఇక మీదట అంతా సజావుగా సాగినా సంపుకు 20, పాంటూన్‌కు 5, పరీక్షకు 4, మొత్తం 29 రోజులు పడుతుంది. పంపులు మొదటిసారి నడిచేది 60వ రోజున, అనగా జూన్ 10న. ఆనాటికి మృగశిర ప్రవేశించి రెండు మూడు రోజులవుతుంది.